ఇంట్లో గడియారాలు ఒకే మాట ఎందుకు చెప్పవు?

నా ఇంట్లో ముందుగది నుంచి పడకగదిలోకి నడిచి వెళ్తే రెండు నిమిషాలు గడిచిపోతాయి; వెంటనే వెనుదిరిగి వస్తే ఆ రెండు నిమిషాలూ తిరిగి చేతికి వస్తాయి. ముందుగది గోడ మీది గడియారం ఒక సమయం చెబుతుంది, పడకగది బల్ల మీద విప్పి పెట్టిన చేతి గడియారం ఇంకొకటి చెబుతుంది, వంటగదిలో ఓవెన్ మీద వెలిగే అంకెలది మూడో లెక్క, ఫోన్ మాత్రం వీటన్నిటికీ తీర్పరిని తానేనన్నట్టు జేబులో ఉంటుంది. చాలాకాలం ఈ తేడాలను చవక సరుకుకు ఉండే లోపంగానే భావించి, ఏ ఆరు నెలలకో ఒకసారి అన్నిటినీ సరిదిద్ది ఊరుకునేవాణ్ణి. ఒక ఏడాది మాత్రం సరిదిద్దడం మాని, ప్రతి ఆదివారం ఉదయం ఫోన్‌ను ఎదురుగా పెట్టుకుని, ఒక్కో గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని సెకన్లు వెనకుందో ఒక నోటుపుస్తకంలో వరుసలుగా రాయడం మొదలుపెట్టాను. సెకన్లు చూపని ఓవెన్ కోసం నిమిషపు అంకె మారే క్షణం దాకా దాని ముందు నిలబడవలసి వచ్చేది. ఇంట్లోవారు అది చూసి ఏమనుకున్నారో ఇక్కడ రాయనక్కరలేదు.

కొన్ని నెలలు గడిచేసరికి ఆ పుస్తకం ఒక విషయం బయటపెట్టింది. గడియారాలన్నీ తప్పే చెబుతున్నాయి కానీ, ఏ రెండూ ఒకే తీరుగా తప్పడం లేదు. చేతి గడియారం వారానికి దాదాపు నాలుగు సెకన్లు ముందుకు పోతుంది, అంతకు మించి అటూ ఇటూ కదలదు. గోడ గడియారం వెనకబడుతుంది. ఎండాకాలంలో వారానికి ఆరు సెకన్లు వెనకబడేది చలికాలంలో తొమ్మిదికి చేరింది. ఓవెన్‌ది మరీ వింత: ఒక వారం ఐదు సెకన్లు ముందుంటుంది, మరుసటి వారం ఎనిమిది సెకన్లు వెనకుంటుంది, ఏ క్రమమూ కనబడదు, అయినా నెలల తరబడి చూస్తే మొత్తం మీద ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇలా ఒక్కోదానికీ ఒక్కో స్వభావం ఉండటానికి కారణం లేకపోలేదు. గడియారమంటే, ఎంత ఖరీదైనదైనా, క్రమం తప్పకుండా మళ్ళీ మళ్ళీ జరిగే ఏదో ఒక కదలికను లెక్కబెట్టే యంత్రమే. ఇంట్లోని ఈ నాలుగు యంత్రాలూ నాలుగు వేర్వేరు కదలికలను లెక్కబెడుతున్నాయి, లేదా లెక్కబెట్టే పనిని వేరొకరికి అప్పగించి జవాబు మాత్రం తెచ్చి చూపుతున్నాయి.

ముందు గోడ గడియారం, చేతి గడియారం సంగతి చూద్దాం, ఎందుకంటే అవి రెండూ ఒకే జాతివి. రెండింటి లోపలా బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన లోహపు గొట్టంలో, శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఆకారంలో చెక్కిన సన్నని క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. క్వార్ట్జ్‌ను నొక్కితే దానిలో విద్యుదావేశం పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో కనుగొన్నారు. దీనికి తిరగేసిన గుణం కూడా దానికి ఉంది, అంటే విద్యుత్తు అందిస్తే స్ఫటికం వంగుతుంది. వంగిన స్ఫటికం విద్యుత్తును పుట్టిస్తే, ఆ విద్యుత్తును పెంచి తిరిగి దానికే అందిస్తే, అది తన ఆకారానికీ పరిమాణానికీ సహజమైన వేగంతో నిరంతరంగా కంపిస్తూ ఉంటుంది. ఈ సూత్రంతో తొలి క్వార్ట్జ్ గడియారాన్ని 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో వారెన్ మారిసన్, జె. డబ్ల్యూ. హార్టన్ తయారు చేశారు. దాన్ని మణికట్టు మీదికి తేవడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది. 1969 డిసెంబరులో జపాన్ సంస్థ సైకో విడుదల చేసిన ఆస్ట్రాన్‌లో స్ఫటికం సెకనుకు 8,192 సార్లు కంపించేది.

ఇప్పటి గడియారాల్లో ఆ సంఖ్య 32,768. చూడటానికి ఎవరో తోచినట్టు వేసిన అంకెలా కనిపించే ఈ సంఖ్యకు చక్కని కారణం ఉంది. ఒకటిని పదిహేను సార్లు రెట్టింపు చేస్తూ పోతే సరిగ్గా 32,768 వస్తుంది. కాబట్టి వచ్చిన కంపనాలను సగానికి సగం చేసే చిన్న వలయాలను పదిహేనింటిని వరుసగా పెడితే, చివరి వలయం నుంచి సెకనుకు సరిగ్గా ఒక స్పందన బయటికి వస్తుంది, అదే సెకను ముల్లును ఒక అడుగు కదుపుతుంది. ఇంకా తక్కువ వేగం పెట్టుకుంటే స్ఫటికం పెద్దదవుతుంది, పైగా మనిషి చెవికి వినిపించే హద్దుల్లోకి వస్తుంది. ఎక్కువ వేగం పెట్టుకుంటే బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. ఆ రెంటి మధ్య కుదిరిన రాజీ ఇది.

అయితే ఏ స్ఫటికమూ సరిగ్గా 32,768 సార్లు కంపించదు. సాధారణ గడియారాల్లో వాడేవి పదిలక్షల్లో 20 భాగాల వరకు అటూ ఇటూ ఉండవచ్చు. వినడానికి ఇది లెక్కలోకి రానంత చిన్నదిగా ఉంటుంది కానీ, రోజుకు 86,400 సెకన్లు ఉన్నాయి కదా, గుణిస్తే రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 52 సెకన్లు తేలుతుంది. తయారీదారులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. స్ఫటికాన్ని కావాలనే కాస్త వేగంగా కంపించేలా చేసి, దాని అసలు వేగాన్ని కర్మాగారంలో కొలిచి, నిర్ణీత వ్యవధికొకసారి ఇన్ని కంపనాలను లెక్కలోంచి వదిలేయమని చిప్‌కు చెప్పి పంపుతారు. అంటే మన చేతి గడియారం లోపల ఎప్పటికప్పుడు కొన్ని టిక్కులు దొంగచాటుగా మాయమవుతుంటాయి, అలా మాయం కావడం వల్లే అది సరిగ్గా నడుస్తుంది.

గోడ గడియారానికి చలికాలం ఎందుకు పడలేదో కూడా ఇక్కడే తేలుతుంది. శ్రుతిదండం ఆకారపు స్ఫటికం దాదాపు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద తన అత్యధిక వేగంతో కంపిస్తుంది. అక్కడి నుంచి వేడెక్కినా, చల్లబడినా వేగం తగ్గుతుందే తప్ప పెరగదు. పైగా ఆ తగ్గుదల తేడాకు వర్గంలా పెరుగుతుంది, అంటే తేడా రెట్టింపైతే నష్టం నాలుగింతలవుతుంది. పన్నెండు డిగ్రీల తేడాకు వారానికి మూడు సెకన్ల నష్టం వస్తుంది, నా పుస్తకంలోని చలికాలపు లెక్క దానికి సరిగ్గా సరిపోయింది. చేతి గడియారం మరి ఎందుకు మారలేదు? అది రోజంతా మనిషి ఒంటికి అంటుకుని ఉంటుంది, మనిషి ఒళ్ళు అన్ని కాలాల్లోనూ దాదాపు ఒకే వేడితో ఉంటుంది. ఈ సంగతి తెలిశాక నేను దాన్ని చలికాలంలో మూడు వారాలు సొరుగులో పెట్టి చూశాను. ముందుకు పోయే అలవాటు సగానికి తగ్గింది. దాని నిలకడలో నా పాత్ర కూడా కొంత ఉందని తెలిసి సంతోషించానని ఒప్పుకోవాలి.

నిలకడ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మంచి గడియారమంటే సరైన సమయం చూపేదని మనం అనుకుంటాం, ఆ రంగంలోని వారు అలా అనుకోరు. జాన్ హారిసన్ అనే ఆంగ్లేయుడు, వడ్రంగం నుంచి గడియారాల పనిలోకి వచ్చినవాడు, నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలుసుకోవడానికి పనికివచ్చే గడియారాన్ని చేయడానికి జీవితమంతా వెచ్చించాడు. ఆయన చేసిన నాలుగో గడియారాన్ని 1761 నవంబరులో ఓడలో జమైకాకు పంపారు. 81 రోజుల తరువాత అది కేవలం ఐదు సెకన్లు వెనకబడిందని చరిత్రలో చెబుతారు. ఆ ఐదు సెకన్ల లెక్క వెనుక ఒక తీసివేత ఉందన్న సంగతి మాత్రం అంతగా చెప్పుకోరు. ఆ గడియారం రోజుకు రెండున్నర సెకన్లకు పైగా వెనకబడుతుందని బయల్దేరకముందే కొలిచి పెట్టుకున్నారు. ఆ తెలిసిన తప్పును మినహాయించిన తరువాత మిగిలినదే ఐదు సెకన్లు. తరువాతి కాలంలో ఓడల మీద గడియారాలను అయినదానికీ కానిదానికీ సరిదిద్దేవారు కాదు. కీ మాత్రం తప్పకుండా ఇస్తూ, ఎంత తప్పుతోందో పుస్తకంలో రాసుకుని, లెక్కలో కలుపుకునేవారు. తెలిసిన తప్పు వల్ల నావికుడికి ప్రమాదం లేదు. రోజుకొక తీరుగా మారే తప్పుతోనే ఓడ రాళ్ళ మీదికి పోతుంది. ఈ కొలతతో చూస్తే నా ఇంట్లో ఉత్తమమైనది వారానికి నాలుగు సెకన్లు ముందుకు పోయే చేతి గడియారమే.

ఇక ఓవెన్. అన్ని ఓవెన్లూ ఇలా చేయవు కానీ, గోడలోని ప్లగ్గుకు తగిలించే చాలా గడియారాలు తమ లోపల ఏ స్ఫటికాన్నీ నమ్ముకోవు. కరెంటు తీగలో ప్రవాహం దిశ క్రమం తప్పకుండా అటూ ఇటూ మారుతూ ఉంటుంది, కొన్ని దేశాల్లో సెకనుకు 50 ఆవృత్తులు, కొన్నిటిలో 60. ఆ ఆవృత్తులను లెక్కబెట్టి, యాభై పూర్తికాగానే ఒక సెకను గడిచిందని ఇవి అనుకుంటాయి. అంటే ఓవెన్‌కు లోలకం లాంటిది ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల విద్యుత్ కేంద్రాల్లో తిరుగుతున్న జనరేటర్లు. గ్రిడ్‌కు కలిసి ఉన్న జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతాయి. వాడకం ఒక్కసారిగా పెరిగితే అన్నీ కలిసి కొద్దిగా నెమ్మదిస్తాయి, వాడకం తగ్గితే కొద్దిగా వేగం పుంజుకుంటాయి. సాయంత్రం లక్షల ఇళ్ళలో దీపాలు వెలిగినప్పుడు నా ఓవెన్ గడియారం ఒక పిసరు వెనకబడుతుందన్న ఊహ నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మరి నెలల మీద అది మళ్ళీ సరైన చోటికి ఎలా వస్తోంది? 1916లో హెన్రీ వారెన్ అనే అమెరికన్ కరెంటుతో నడిచే గడియారం చేసి చూసుకుంటే అది నిలకడగా నడవలేదు. లోపం గడియారంలో కాదు, బోస్టన్ విద్యుత్ కేంద్రం వేగంలో ఉందని ఆయన తేల్చాడు. అక్కడ రెండు ముళ్ళున్న ఒక గడియారాన్ని పెట్టించాడు: ఒక ముల్లు లోలకంతో కదులుతుంది, రెండోది కరెంటుతో కదులుతుంది, ఉద్యోగి పని రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఉండేలా చూడటం. నేటికీ అనేక గ్రిడ్లలో సూత్రం ఇదే. గ్రిడ్ లెక్క ప్రకారం గడిచిన సమయానికీ అసలు సమయానికీ తేడా పేరుకుంటే, కొన్ని గంటలో రోజులో గ్రిడ్‌ను ఒక వెంట్రుకవాసి వేగంగానో నెమ్మదిగానో నడిపి ఆ బాకీ తీరుస్తారు.

ఆ బాకీ తీర్చకపోతే ఏమవుతుందో 2018లో ఐరోపా ప్రధాన భూభాగం చూసింది. జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా 25 దేశాలు పంచుకునే ఆ గ్రిడ్‌లో సగటు పౌనఃపున్యం, అంటే సెకనుకు ఆవృత్తుల సంఖ్య, 50కి బదులు 49.996 హెర్ట్జ్‌గా నడిచింది. సెర్బియా, కొసోవో ప్రాంతపు నిర్వాహకుల మధ్య తగాదా వల్ల అక్కడ వాడుకున్నంత విద్యుత్తును ఉత్పత్తి చేయకపోవడం, ఆ 113 గిగావాట్-గంటల లోటును ఎవరూ పూడ్చకపోవడం దీనికి కారణం. 50లో 0.004 తక్కువంటే పన్నెండున్నర వేలల్లో ఒక భాగం. రోజుకు ఏడు సెకన్లు. ఏడు వారాలు ఇలా గడిచేసరికి కరెంటును లెక్కబెట్టుకునే ఓవెన్లు, రేడియో అలారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి. తరువాత గ్రిడ్‌ను కాస్త వేగంగా నడిపి, ఏప్రిల్ మొదటికల్లా ఆ ఆరు నిమిషాలూ తిరిగి ఇచ్చారు. ఈలోగా విసుగెత్తి తమ గడియారాన్ని చేత్తో సరిదిద్దుకున్న వారి ఇంట్లో అది ముందుకు పరిగెత్తి ఉంటుంది. గడియారం తప్పితే వెంటనే సరిదిద్దకూడదన్న నావికుల నియమం ఓవెన్‌కూ వర్తిస్తుందని అక్కడ రుజువైంది.

తీర్పరిగా కూర్చున్న ఫోన్‌కు ఈ జబ్బులేవీ లేవా అంటే, ఉన్నాయి. దాని లోపలా క్వార్ట్జ్ స్ఫటికమే ఉంది. సిమ్ తీసేసి, వైఫై ఆపేసి సొరుగులో పడేసిన నా పాత ఫోన్ నెల తిరిగేసరికి గోడ గడియారం లాగానే తప్పడం మొదలుపెట్టింది. ఫోన్ గొప్పతనమంతా తరచుగా ఇంకొకరిని అడగడంలోనే ఉంది. మొబైల్ టవర్ చెప్పేది వింటుంది, ఇంటర్నెట్‌లో సమయం చెప్పడానికే పెట్టిన సర్వర్లనూ అడుగుతుంది. అడగడమంటే సులభమే అనిపిస్తుంది కానీ, ఇందులో ఒక చిక్కుంది. "ఇప్పుడు సమయం ఎంత?" అన్న ప్రశ్నకు జవాబు దారిలో ప్రయాణించి చేరేసరికి ఆ "ఇప్పుడు" గడిచిపోయి ఉంటుంది. ఎంతసేపు ప్రయాణించిందో తెలియాలంటే ముందు సరైన గడియారం కావాలి, సరైన గడియారం లేకనే కదా అడుగుతున్నాం.

డేవిడ్ మిల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1985లో ప్రచురించిన పద్ధతి ఈ ముడిని విప్పింది, నేటికీ కంప్యూటర్లు వాడేది దాని వారసులనే. నా ఫోన్ తన గడియారంలో సున్నా వద్ద ప్రశ్న పంపిందనుకుందాం. సర్వర్ తన గడియారంలో 350 మిల్లీసెకన్ల వద్ద ఆ ప్రశ్న అందుకుని, 360 వద్ద జవాబు పంపుతూ ఆ రెండు అంకెలనూ జవాబులో రాసింది. జవాబు నా ఫోన్‌కు తన గడియారంలో 110 వద్ద చేరింది. రానూపోనూ మొత్తం 110, అందులో సర్వర్ దగ్గర గడిచినవి 10, కాబట్టి దారిలో గడిచినవి 100. వెళ్ళడానికి పట్టినంతే రావడానికీ పట్టిందనుకుంటే ఒక్కో వైపుకు 50. అంటే సర్వర్ గడియారం 350 చూపిన క్షణంలో నా గడియారం 50 చూపుతూ ఉండాలి, కనుక నా ఫోన్ 300 మిల్లీసెకన్లు వెనకుంది. ఎవరి గడియారమూ ఎవరితోనూ కలవకపోయినా కేవలం నాలుగు అంకెలతో తేడా తేలిపోయింది. బలహీనత అంతా ఆ "అనుకుంటే" అన్న మాటలో ఉంది. వెళ్ళే దారి ఖాళీగా, వచ్చే దారి రద్దీగా ఉంటే, ఆ తేడాలో సగం తప్పుగా మారి సమయంలో కలిసిపోతుంది, ఎంత తెలివైన ప్రోగ్రామైనా ఒక్క సంభాషణతో దాన్ని పట్టుకోలేదు. అందుకే కంప్యూటర్లు పలు సర్వర్లను, పలుసార్లు అడుగుతాయి. ముందున్నామనో, వెనకబడ్డామనో తెలిసినా సాధారణంగా ఒక్క ఉరుకున దూకకుండా, తమ సెకన్లను కొద్దిగా సాగదీస్తూనో కుదించుకుంటూనో మెల్లగా కలుసుకుంటాయి. సమయం ఒక్కసారి వెనక్కి గెంతితే, తరువాత రాసిన ఫైలు ముందు రాసినదానికంటే పాతదిగా కనబడుతుంది మరి.

ఆ సర్వర్లు మళ్ళీ తమకంటే పై మెట్టు మీద ఉన్నవారిని అడుగుతాయి, ఆ మెట్లు ఎక్కుతూ పోతే పరమాణు గడియారం దగ్గర ఆగుతాం. చాలా సర్వర్లకు ఆ గడియారం దొరికేది ఆకాశంలో. జీపీఎస్ ఉపగ్రహాలను మనం దారి చూపేవిగా ఎరుగుదుం, నిజానికి అవి ఎగిరే గడియారాలు. ఒక్కో ఉపగ్రహం చేసే పనల్లా తానెక్కడుందో, తన గడియారంలో సమయమెంతో ప్రకటిస్తూ ఉండటమే. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది, మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షో వంతు, తప్పితే 300 మీటర్లు తప్పినట్టే. చోటు తేల్చడానికి మూడు దూరాలు చాలు, అయినా ఫోన్‌కు నాలుగో ఉపగ్రహం కావాలి, ఎందుకంటే ఫోన్ లోపలి స్ఫటికం ఈ పనికి ఏమాత్రం చాలదు. ఆ నాలుగో లెక్కతో తేలేది స్ఫటికం తప్పు. ఉపగ్రహాల వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు నెమ్మదిస్తాయి, భూమి ఆకర్షణ అక్కడ తక్కువ కావడం వల్ల 45 మైక్రోసెకన్లు వేగం పుంజుకుంటాయి. మిగిలే 38 మైక్రోసెకన్లను ముందే మినహాయించకపోతే ఒక్క రోజులో 11 కిలోమీటర్లంత తప్పు పేరుకుంటుంది. హారిసన్ గడియారానికి చేసిన తీసివేతే ఇది, కారణం మాత్రం ఐన్‌స్టీన్ చెప్పాడు.

పరమాణు గడియారం దగ్గరికి చేరాక చిక్కు తీరిందనుకుంటాం. 1955లో ఇంగ్లాండులో లూయీ ఎసెన్, జాక్ ప్యారీ సీజియం అనే లోహపు పరమాణువులను వాడే, పనికివచ్చే తొలి గడియారాన్ని నడిపారు. 1967లో సెకనును భూమి తిరుగుడు నుంచి విడదీసి, సీజియం పరమాణువు వెలువరించే తరంగాలు 9,192,631,770 సార్లు ఆడటానికి పట్టే సమయంగా నిర్వచించారు. పరమాణువు తడబడదు, తడబడేది భూమి. చంద్రుడి ఆటుపోట్ల లాగుడుతోనూ, లోపలి ద్రవాల కదలికతోనూ భూభ్రమణం ఎగుడుదిగుడుగా నడుస్తుంది. రెండింటినీ కలిపి ఉంచడానికి 1972 నుంచి అవసరమైనప్పుడల్లా ఒక అదనపు సెకను చేరుస్తూ వచ్చారు. ఇప్పటిదాకా 27 చేర్చారు, చివరిది 2016 డిసెంబరు 31న. ఆ రాత్రి అంతర్జాతీయ సమయం 23:59:59 తరువాత 23:59:60 చూపింది. ఏ గడియారం ముఖం మీదా లేని ఆ అరవయ్యో సెకనును చాలా కంప్యూటర్లు జీర్ణించుకోలేవు. 2012 జూన్ 30న చేర్చిన సెకనుకు ప్రపంచవ్యాప్తంగా అనేక సర్వర్లు స్తంభించాయి. ఇలాంటివి తప్పించుకోవడానికి గూగుల్ పట్టిన దారి ఆ ఒక్క సెకనును గంటల తరబడి పలచగా పూయడం. ఫలితంగా 2016 చివరి రాత్రి నియమం పాటించిన కంప్యూటర్‌కూ, పూత పూసిన కంప్యూటర్‌కూ మధ్య దాదాపు అర సెకను తేడా వచ్చింది, రెండూ తమ తమ లెక్క ప్రకారం సరైనవే. జీపీఎస్ అసలు 1980 జనవరి నుంచి ఈ సెకన్లను కలుపుకోనేలేదు, అందుకే అది ఇప్పుడు 18 సెకన్లు ముందుంది. ఆ తేడాను తీసివేసి చూపడం ఫోన్ పని. ఈ తలనొప్పి చాలని 2035 నాటికి ఈ ఏర్పాటును సడలించాలని 2022లో దేశాలు తీర్మానించాయి. నా మటుకు నాకు అది సరైన నిర్ణయమనే తోస్తుంది. నిమిషం తేడా పేరుకోవడానికి దశాబ్దాలు పట్టే విషయానికి సర్వర్లను కూలగొట్టుకోవడం అనవసరం.

ఇంతకీ ఫోన్, సర్వర్, ఉపగ్రహం అన్నీ ఆశ్రయించే ఆ అంతిమ సమయం ఏ గడియారంలో ఉంది? ఏ గడియారంలోనూ లేదు. ప్రపంచంలోని దాదాపు 80 సంస్థల్లో ఉన్న సుమారు 450 పరమాణు గడియారాల లెక్కలు ప్యారిస్ పక్కనున్న సెవ్ర్ పట్టణంలోని అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయానికి చేరుతాయి. అక్కడ వాటి సగటు కడతారు. అన్నిటికీ సమానమైన విలువ ఇవ్వరు. ముందుగా వేసిన అంచనాకు దగ్గరగా నడిచిన గడియారానికి ఎక్కువ విలువ, అంచనాకు అందకుండా నడిచినదానికి తక్కువ విలువ. ఎప్పుడూ ముందుకే పోయినా ఒకే తీరుగా పోతే దానికి అక్కడ లోటు లేదు. ఆ సగటే అధికారిక సమయం, దాన్ని కట్టి ప్రకటించేది మరుసటి నెలలో. కాబట్టి ఈ క్షణాన ఖచ్చితంగా సమయం ఎంతన్నది, నానోసెకన్ల (సెకనులో వందకోట్లో వంతుల) మేరకు, వచ్చే నెల దాకా ఎవరికీ తెలియదు. అప్పటిదాకా ఒక్కో దేశపు ప్రయోగశాల తన అంచనాను చూపుతూ ఉంటుంది.

ఆ నెలవారీ ప్రకటనను ఒకసారి తెరిచి చూశాను. అందులో ఎడమ వైపు ప్రయోగశాలల పేర్లు వరుసగా ఉన్నాయి, పైన ఐదేసి రోజుల తేడాతో తేదీలు ఉన్నాయి, గడుల్లో ఏ ప్రయోగశాల ఏ రోజున ఎన్ని నానోసెకన్లు ముందుందో, ఎన్ని వెనకుందో కూడిక, తీసివేత గుర్తులతో రాసి ఉంది. నా నోటుపుస్తకంలో ఎడమ వైపు గోడ, చేయి, ఓవెన్ అని రాసుకున్నాను. పైన ఆదివారాల తేదీలు ఉన్నాయి.